నోటు మీద అంకె మారలేదు, కంచంలో కూడు మారింది



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు జింబాబ్వే నోటు ఫోటో పెట్టాడు. నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు. "ఇది మన దగ్గరుంటే పర్చూరు మొత్తం కొనేయొచ్చు" అని ఒకరు, "పర్చూరేంటి, గుంటూరు మిర్చి యార్డు కూడా మనదే" అని ఇంకొకరు రాశారు. అందరం నవ్వాం. మేమూ నవ్వాం. తర్వాత కూర్చుని మాట్లాడుకుంటే ఆ నవ్వు నిలవలేదు. అందుకే ఈ పొడుగు పోస్టు. కొంచెం ఓపికగా చదవండి.

ఆ నోటు 2009 జనవరిలో అచ్చయింది. దానికి ఆరు నెలల ముందు, 2008 జులైలో, ఆ దేశ ప్రభుత్వమే చెప్పిన ద్రవ్యోల్బణం ఏడాదికి 23 కోట్ల శాతం పైన. పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండదు. జీతం అందగానే దుకాణానికి పరిగెత్తాలి. 1923లో జర్మనీలో ఇదే జరిగింది. ఆ ఏడాది నవంబరు నాటికి ఒక్క అమెరికా డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు. 1946లో హంగరీలో ధరలు పదిహేను గంటలకోసారి రెట్టింపయ్యాయి. నెలకు 50 శాతం మించి ధరలు పెరిగితే దాన్ని హైపర్ ఇన్‌ఫ్లేషన్ అనాలని ఫిలిప్ కేగన్ అనే ఆర్థికవేత్త 1956లో ఒక లెక్క పెట్టాడు. మన పుస్తకాల్లో ఉండేది ఆ లెక్కే.

ఇవన్నీ ఎక్కడో దూరదేశాల కథలు అనుకుంటాం. కాదు. మన తెలుగు కూలి జనం ఈ బాధ పడ్డారు. మన పాఠాల్లో అది లేదు, అంతే.

మన కోస్తా ముసలోళ్లు రంగూన్‌ని "రంగం" అనేవాళ్లు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి లక్షల మంది తెలుగోళ్లు రంగం పోయారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. అక్కడ వాళ్లను "కోరంగీలు" అనేవాళ్లు. కోరంగి రేవు పేరు మనుషుల పేరైంది, తర్వాత తిట్టు కూడా అయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు కూడా జరిగాయి.

ఆ రోజుల్లో రంగంలో నడిచింది మన రూపాయే. బర్మాకి కూడా రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియానే నోట్లు ఇచ్చేది. "బర్మాలో మాత్రమే చెల్లును" అని ముద్ర వేసిన రాజు బొమ్మ నోట్లు. పర్చూరు సంతలోనూ రంగూన్ రేవులోనూ రూపాయంటే రూపాయే. ఆ నమ్మకంతోనే కూలి దాచి ఇంటికి పంపేవాళ్లు.

1942 మార్చిలో రంగూన్ జపాన్ సైన్యం చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడిచి అస్సాం వైపు వచ్చారు. దారిలో వేలమంది చచ్చిపోయారు. రాలేని వాళ్లు అక్కడే మిగిలారు. డబ్బున్నోడు ముందే ఓడెక్కాడు. మిగిలినోళ్లలో ఎక్కువమంది కూలోళ్లే.

జపాన్ సైన్యం తన సొంత నోట్లు అచ్చేసింది. బర్మాలో రూపాయి నోట్ల మీద బి అనే అక్షరం, మలయాలో డాలరు నోట్ల మీద ఎం అనే అక్షరం. మలయా పది డాలర్ల నోటు మీద అరటి చెట్టు ఉండేది కాబట్టి జనం దాన్ని "అరటి నోటు" అన్నారు. ఈ నోట్ల వెనక బంగారం లేదు, పన్ను వసూలు లేదు, అమ్మడానికి సరుకు లేదు. సైన్యానికి బియ్యం కావాలంటే నోటు అచ్చెయ్యడం, కూలోడు కావాలంటే నోటు అచ్చెయ్యడం. సరుకు తగ్గింది, కాగితం పెరిగింది. 1941 డిసెంబరులో రంగూన్‌లో వంద రూపాయలకు దొరికే సరుకు 1943 చివరికి 1,700 దాటింది. 1945 ఆగస్టుకి 1 లక్షా 85 వేలు దాటింది. అంటే 1,850 రెట్లు. బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చాక ఆ నోట్లు చెల్లవన్నారు. మూడేళ్ల కష్టం ఒక్క ప్రకటనతో చిత్తు కాగితమైంది. ఇవాళ ఆ నోట్లు పాత నాణేలు అమ్మే దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి, చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటాయి.

మలయా తోటల్లో ఉన్న తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలు దారి వెయ్యడానికి పట్టుకుపోయారు. 415 కిలోమీటర్ల దారి. 1942-43లో అక్కడ కలరాతో, ఆకలితో ఎంతోమంది చనిపోయారు. వాళ్లకు ఇస్తామన్న కూలి కూడా ఆ అరటి నోట్లే. చేసిన పని నిజం, పోయిన ప్రాణం నిజం. కూలి మాత్రం ఉత్త కాగితం.

ఆ దెబ్బ ఇక్కడికీ వచ్చింది. బర్మా బియ్యం ఆగిపోయింది. యుద్ధం ఖర్చుకి ఇక్కడి ప్రభుత్వం కూడా నోట్లు విపరీతంగా అచ్చేసింది. 1943లో బెంగాల్ కరువులో ఎంత లేదన్నా 15 లక్షల మంది పోయారు. 30 లక్షలని చెప్పేవాళ్లూ ఉన్నారు. అమర్త్య సేన్ 1981లో రాసిన పుస్తకంలో ఈ కరువు గురించి చెప్పిన అసలు సంగతి ఇది: బియ్యం మొత్తానికే లేక జనం చావలేదు, వాళ్ల కూలికి బియ్యం కొనే శక్తి పోయి చచ్చారు. ఎక్కువగా దెబ్బ తిన్నది వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు. సొంతంగా పండించుకునే రైతు కొంత తట్టుకున్నాడు. కూలి డబ్బు మీద బతికేవాడు తట్టుకోలేకపోయాడు.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు. మన యానాదులు, మన ఎరుకలోళ్లు, మిరప కోతలకు వచ్చే మన సుగాలీలు బతికేది ఎలా? ఇలాగే కదా.

మేము చెప్పదలుచుకున్నది ఇదీ. డబ్బు విలువ పడిపోతే అందరూ నష్టపోతారని పుస్తకంలో ఉంటుంది. అది సగం నిజం. ఎవరి దగ్గర పొలం, బంగారం, సరుకు ఉందో వాళ్లు నిలబడతారు. నిలవ పెట్టుకున్న మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నోడికి రేటు పెరిగితే లాభమే. ఎవరి చేతిలో నోటు తప్ప ఇంకేమీ లేదో వాళ్లే మునుగుతారు. మన చేతిలో ఉండేది నోటే. పొలం లేదు, బంగారం లేదు, చాలామందికి ఇంటి పట్టా కూడా లేదు.

"మనకు అప్పులే ఎక్కువ కదా, డబ్బు విలువ పడిపోతే అప్పు తేలికవుతుంది, మనకే మంచిది" అని ఎకనామిక్స్ చదివే అన్న ఒకరు వాదించారు. జర్మనీలో అది నిజమే. పొలం తాకట్టు పెట్టి పెద్ద అప్పు తీసుకున్న రైతులు 1923లో చిల్లరతో అప్పు తీర్చేశారు. కానీ అది ఎవరి అప్పు? పొడుగు గడువుతో, మార్కుల్లో రాసుకున్న అప్పు. మన అప్పు అలాంటిది కాదు. మన వాళ్లు ఇటుక బట్టీ దగ్గరో, రొయ్యల చెరువు దగ్గరో, బాతులు మేపే దగ్గరో అడ్వాన్సు తీసుకుంటారు. దాన్ని తీర్చేది రూపాయల్లో కాదు, రోజుల్లో. పని రోజుల్లో. రూపాయి ఎంత పడిపోయినా ఆ రోజులు తగ్గవు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అయినా ఇప్పటికీ యానాది కుటుంబాలను విడిపించారని పేపర్లో చదువుతూనే ఉన్నాం. కాబట్టి ఆ లాభం మన దాకా రాదు అన్నా.

ఇంకో మాట కూడా వస్తుంది. "ఇండియాలో హైపర్ ఇన్‌ఫ్లేషన్ ఎక్కడుంది? ఎందుకీ గోల?" నిజమే, లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో అంత ఎప్పుడూ రాలేదు. 1974లో ఏడాదికి 25 శాతం పైకి పోయింది, అదే పెద్దది. 2016 నుంచి రిజర్వ్ బ్యాంకుకి ఒక లెక్క పెట్టారు. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉండాలి, రెండు అటూ ఇటూ. మన పక్కనే శ్రీలంకలో 2022 సెప్టెంబరులో ఏడాది ద్రవ్యోల్బణం 69.8 శాతానికి పోయింది. తిండి సరుకులైతే దాదాపు 95 శాతం. 200 దగ్గరున్న డాలరు కొన్ని వారాల్లోనే 360 అయింది. అది కూడా కేగన్ లెక్కలో హైపర్ కాదు. అయినా అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయాడు. ఆ దేశంలో పాములాడించుకుంటూ, చెయ్యి చూసి జోస్యం చెప్పుకుంటూ తరతరాలుగా తిరిగిన అహికుంటకులు అనే జనం ఉన్నారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన గుంటూరు మిర్చి కొనే దేశాల్లో శ్రీలంక కూడా ఒకటి. కాబట్టి అదీ మరీ పరాయి కథ కాదు.

మన దగ్గర ఉన్నది వేరే రకం. అది వరదలా రాదు, చెదలా వస్తుంది. 2020-21 నుంచి నాలుగేళ్లు ఏడాదికి ఐదు, ఆరు శాతం చొప్పున నడిచింది. చెద పట్టిన దూలం బయటికి బాగానే కనపడుతుంది. ఒకరోజు చెయ్యి వేస్తే పొడి రాలుతుంది.

లెక్క చూపిస్తాం. 2020-21 నుంచి 2023-24 దాకా నాలుగేళ్ల సగటు ద్రవ్యోల్బణం వరసగా 6.2, 5.5, 6.7, 5.4 శాతం. కలిపి చూస్తే ధరలు 26 శాతం పెరిగినట్టు. ఇప్పుడు మూడు రకాల డబ్బు తీసుకోండి.

మొదటిది, ఉద్యోగస్తుల కరువు భత్యం. డీఏ. కేంద్రంలో జనవరికి ఒకసారి, జులైకి ఒకసారి ధరల సూచీ చూసి పెంచుతారు. మేము దానికి వ్యతిరేకం కాదు. మన గ్రూపులోనే ఉద్యోగాలు చేసే అన్నలున్నారు, వాళ్ల హక్కు అది.

రెండోది, ఉపాధి హామీ కూలి. మన రాష్ట్రంలో 2020-21లో రోజుకి 237 రూపాయలు, 2024-25లో 300. అంటే 26 శాతం పైచిలుకు పెరిగింది. దాదాపు ధరలతో సమానంగా. ఎవరి దయా కాదు. వ్యవసాయ కూలీల ధరల సూచీకి ఆ కూలిని ముడిపెట్టారు కాబట్టి పెరిగింది. ఆ కూలి చాలా తక్కువన్నది వేరే గొడవ. కానీ చెద మాత్రం దాన్ని తినలేకపోయింది.

మూడోది మన విద్యార్థులది. 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన మొదలైంది. ఐటీఐ వాళ్లకు ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్ వాళ్లకు 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు. మంచి పథకమే, మాలో కొందరం దానితోనే చదివాం. కానీ నడిచినన్నాళ్లూ అవే అంకెలు. నాలుగేళ్ల తర్వాత ఆ 20 వేల విలువ 2020 లెక్కలో 15,900 కూడా లేదు. నాలుగు వేలు ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ కోత పెట్టలేదు, ఏ ఆర్డరూ రాలేదు. అయినా పోయాయి. కోత పెడితే ధర్నా చేసేవాళ్లం. చెద తింటే ఎవరి మీద ధర్నా చేస్తాం?

హాస్టల్ మెస్ చార్జీలు చూడండి. మన రాష్ట్రంలో ఐదు నుంచి పది తరగతుల పిల్లలకు నెలకు 1,250 ఉండేది, 2023లో 1,400 చేశారు. ఇంటర్ ఆపైన వాళ్లకు 1,400 నుంచి 1,600. ఆ 1,400ని ముప్పై రోజులకు పంచితే రోజుకి 47 రూపాయలు కూడా రాదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం, రాత్రి, గుడ్డు, పాలు అన్నీ అందులోనే. తెలంగాణలో ఏడేళ్లు ఆగి 2024లో ఒకేసారి 40 శాతం పెంచారు. ఇంటర్ ఆపైన వాళ్లకు 1,500 నుంచి 2,100 అయింది. పెంచినందుకు సంతోషం. కానీ ఒక్కసారే 40 పెంచాల్సి వచ్చిందంటే, అన్నాళ్లూ పిల్లల కంచంలోంచి ఎంత పోయిందో ఆ 40 అంకే చెప్తోంది. ఆ ఏడేళ్లలో చేరి బయటికెళ్లిపోయిన పిల్లలకు ఆ బాకీ ఎవరు తీరుస్తారు?

కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సంగతి ఇంకా ఘోరం. 2010లో సవరించినప్పుడు ఇంటర్ చదివే ఎస్టీ హాస్టల్ విద్యార్థికి నెలకు 380 రూపాయలు, ఇంటి నుంచి వచ్చి చదివేవాళ్లకు 230. ఆ రేట్లు ఏళ్ల తరబడి అలాగే నడిచాయి. 230 రూపాయలు! ఇది కూడా అరటి నోటు లాంటిదే కదా? నోటు అసలుదే, గాంధీ బొమ్మ ఉంది, గవర్నరు సంతకం ఉంది. కానీ ఇస్తామన్న మాటలో సరుకు లేదు.

మేమంతా పర్చూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి హాస్టళ్లకు పోయి చదివినోళ్లమే. పప్పు ఎప్పుడు పలచబడుతుందో మాకు తెలుసు. జూన్‌లో గరిటె నిలబడే పప్పు, ఫిబ్రవరికి చారవుతుంది. వంటావిడని తిట్టుకునేవాళ్లం. వార్డెన్‌ని తిట్టుకునేవాళ్లం. తినేసేవాళ్లు లేరని మేము అనం. కానీ దొంగతనం ఒక్క పైసా లేకపోయినా ఆ పప్పు పలచబడేదే. కందిపప్పు రేటు పెరిగింది, చార్జీ పెరగలేదు. ఈ రెండో దొంగ మాకు అప్పుడు కనపడలేదు.

ఒకటి గమనించారా? హాస్టల్లో కూర పలచబడేది గానీ అన్నం తగ్గేది కాదు. ఎందుకంటే బియ్యం కిలోల్లో వచ్చేవి. పప్పు, నూనె, కూరగాయలు రూపాయల్లో వచ్చేవి. కిలోల్లో వచ్చినదాన్ని ద్రవ్యోల్బణం ముట్టుకోలేకపోయింది. ఇంట్లోనూ అంతే. రేషన్ కార్డు మీద మనిషికి ఐదు కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. బజార్లో బియ్యం రేటు ఎంతైనా ఐదు కిలోలంటే ఐదు కిలోలే.

మా కాలనీలో నాయనమ్మలు ఇప్పటికీ పాత కూలి గురించి చెప్పేటప్పుడు రూపాయల్లో చెప్పరు. కోత కూలి ఇన్ని కుంచాలు, ఎలుకలు పట్టినందుకు ఇన్ని మానికల వడ్లు అంటారు. పత్తి తీతకి పోయొచ్చిన మనవరాలు "మూడొందల యాభై ఇచ్చారు" అంటే, "నోటు నమల్తామా అమ్మా, ఎన్ని కిలోలొస్తాయో చెప్పు" అంటారు. చదువుకోలేదని మనం అనుకునే ఆ నాయనమ్మ, సేన్ గారు పుస్తకం రాసి చెప్పిన మాటే చెప్తోంది. పాతకాలం బాగుందని మేము అనడం లేదు. ఆ కుంచాల్లో కూడా కొలత మోసం ఉండేది, అవమానం ఉండేది. నగదు కూలి రావడం మంచిదే. కానీ ఆ లెక్క చూసే చూపు పోగొట్టుకోకూడదు.

అందుకే "బియ్యం ఎందుకు, డబ్బులు ఖాతాలో వేస్తాం" అని ఎవరైనా అన్నప్పుడు మనం గబుక్కున చప్పట్లు కొట్టకూడదు. పుదుచ్చేరిలో 2015లో అలా చేశారు. 2022లో మన రాష్ట్రంలోనూ ఆ మాట వచ్చి, ఆగింది. రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారు కాబట్టి డబ్బే ఇస్తే మేలంటారు. మొదటి ఏడాది మేలే. ఐదో ఏడాది అదే అంకె ఇస్తే? ధరతో పాటు పెరుగుతుందని చట్టంలో రాస్తే అప్పుడు మాట్లాడుకుందాం. రాయకపోతే కిలోలే మేలు.

"అన్నిటినీ ధరలకు ముడిపెడితే ధరలు ఇంకా పెరుగుతాయి, బ్రెజిల్లో అదే జరిగింది" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. బ్రెజిల్లో జీతాలు, అద్దెలు, అప్పులు అన్నీ ముడిపెట్టి ఆ చక్రంలో ఇరుక్కున్నారు, 1994లో కొత్త నాణెం తెచ్చాకే బయటపడ్డారు. కానీ మేము దేశంలో అన్నీ ముడిపెట్టమనడం లేదు. ఉద్యోగస్తులకు ఉన్నదే, ఉపాధి కూలికి ఉన్నదే, హాస్టల్ పిల్లల కంచానికీ ఉండాలంటున్నాం. ఎస్టీ పిల్లల పప్పు వల్ల రూపాయి కూలిపోదు.

చివరగా, మాటలతో ఆపకుండా చెయ్యగలిగిన పని ఒకటి. ఏ హాస్టల్లో ఉన్నవాళ్లు ఆ హాస్టల్ దగ్గరి బజార్లో ఐదు సరుకుల రేటు ప్రతి నెలా ఒకటో తారీఖున రాయండి: కందిపప్పు, నూనె, గుడ్డు, పాలు, ఉల్లిపాయలు. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏడాది తిరిగేసరికి మన దగ్గర మనదే సూచీ ఉంటుంది. మెస్ చార్జీ ఆఖరిసారి ఎప్పుడు, ఏ లెక్కన పెంచారో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఆ రెండు కాగితాలు పట్టుకుని జిల్లా గిరిజన సంక్షేమాధికారి దగ్గరికి, నెల్లూరు యానాదుల ఐటీడీఏకి, మన ఎమ్మెల్యేల దగ్గరికి పోదాం. అడిగేది ఒక్కటే: ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు ధరల సూచీ ప్రకారం మెస్ చార్జీ, స్కాలర్‌షిప్ వాటంతటవే పెరగాలి. ప్రతిసారీ ధర్నా చేసి, దండం పెట్టి, దండ వేసి అడుక్కునే పని ఉండకూడదు.

రంగంలో మన వాళ్ల చేతిలో నోట్లు చెల్లకుండా పోయినప్పుడు వాళ్ల తరఫున అడిగే నోరు లేదు. చదువుకున్నోళ్లు లేరు, లెక్క రాసినోళ్లు లేరు. ఇవాళ మనం ఉన్నాం. కనీసం లెక్క రాద్దాం.

మీ హాస్టల్లో గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెడుతున్నారో కింద రాయండి. తప్పు చెప్పి ఉంటే దిద్దండి.

జోహార్లతో,
పర్చూరు చుట్టుపక్కల ఊళ్ల మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు